మెడ పక్కన అంగుళం కోత

తలను ఎడమవైపు బాగా తిప్పి అద్దంలో చూసుకుంటే కుడివైపు మెడ మీద ఒక కండరం బిగుసుకుని పైకి తేలుతుంది. చెవి వెనుక చేతికి గుబ్బగా తగిలే ఎముక దగ్గర మొదలై, ఏటవాలుగా దిగి, రొమ్ము ఎముకకూ కాలర్ ఎముకకూ అతుక్కుంటుంది. దీని వైద్య నామం స్టెర్నోక్లైడోమాస్టాయిడ్. అంత పేరు పదేపదే పలకడం నాకూ కష్టం, వినడం మీకూ కష్టం. అందుకని ఈ ప్రసంగం అయ్యేదాకా ఏటవాలు కండరం అనుకుందాం. మెడ పక్కభాగాన్ని ముందు త్రికోణం, వెనుక త్రికోణం అని రెండుగా విడదీసే హద్దు ఇదే. ముందు త్రికోణం గొంతువైపు ఉంటుంది. వెనుక త్రికోణానికి ముందు హద్దు ఈ కండరం, వెనుక హద్దు మెడ నుంచి వీపు మీదికి పరుచుకున్న ట్రెపీజియస్ కండరం, అడుగు హద్దు కాలర్ ఎముక. బక్కపలచని మనుషుల్లో కాలర్ ఎముక పైన గుంటపడి కనిపించేది ఈ వెనుక త్రికోణపు అడుగుభాగమే. మెడకు ప్రమాదం అంటే అందరి ఆలోచనా ముందు త్రికోణం మీదికే పోతుంది. ఈ పూట నేను వాదించబోయేది వెనుక త్రికోణం తరఫున. ఖాళీగా కనిపించే ఆ చోట గడ్డ తీయడానికి పెట్టే అంగుళం కోతను మైనర్ ఆపరేషన్ల జాబితాలో వేయడం అలవాటైపోయింది. అక్కడ చర్మం కింద ఏముందో తెలిశాక దాన్ని ఆ జాబితాలో ఉంచడం కుదరదని నా అభిప్రాయం.

ముందు త్రికోణం మీద భయం ఊరికే పుట్టలేదు. మెదడుకు రక్తం తీసుకుపోయే కెరోటిడ్ ధమని, మెదడు నుంచి రక్తాన్ని దించే లోపలి జుగులర్ సిర, గుండె లయ నుంచి జీర్ణాశయం కదలిక దాకా ఎన్నో పనులకు పగ్గం వేసే వేగస్ నరం, ఈ మూడూ ఒకే తొడుగులో పక్కపక్కనే ఉంటాయి. మగవాళ్ల గొంతులో ముందుకు పొడుచుకొచ్చే మృదులాస్థి ఉంది చూడండి, సుమారుగా దాని పైఅంచు ఎత్తులో కెరోటిడ్ రెండుగా చీలుతుంది. ఒక శాఖ మెదడు దారి పడుతుంది, రెండోది ముఖానికీ తలపై చర్మానికీ పోతుంది. చీలే చోట ధమని గోడ కొంచెం ఉబ్బి ఉంటుంది. రక్తపోటును పసిగట్టి మెదడుకు కబురంపే నరాల కొసలు అక్కడున్నాయి. కొందరు వృద్ధుల్లో బిగుతు కాలర్ అక్కడ నొక్కుకున్నా చాలు, గుండె నెమ్మదించి కళ్లు తిరుగుతాయి. ఇంత విలువైన సరంజామాను శరీరం బయట పారేయలేదు. మెడ కింది సగంలో ఆ తొడుగంతా ఏటవాలు కండరం చాటునే ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ ధమని ఆ కండరం ముందు అంచు పక్కకు జరుగుతుంది కనుకే అక్కడ వేళ్లు ఆనిస్తే నాడి తెలుస్తుంది. ఆ పక్క కత్తి పెట్టే సర్జన్ ఎంత అనుభవజ్ఞుడైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేస్తాడు. పెద్ద థియేటర్, పూర్తి మత్తు, ఎదురుగా సహాయకుడు, అవసరమైతే ఎక్కించడానికి రక్తం, అన్నీ సిద్ధం చేసుకున్నాకే మొదలుపెడతాడు.

వెనుక త్రికోణానికి అలాంటి కండరపు చాటు లేదు. చర్మం, కొంచెం కొవ్వు, దాని కింద మెడ చుట్టూ తిరిగివచ్చే ఒక పలచని పొర, అంతే కప్పు. మెడ ముందు భాగంలో చర్మం కింద పరుచుకునే ప్లాటిస్మా అనే రేకులాంటి కండరం కూడా ఈ త్రికోణం పైభాగానికి వచ్చేసరికి చాలామందిలో కనిపించదు. లోపల నేలగా కొన్ని కండరాలు, వాటి మీద మరో పొర. ఈ రెండు పొరల మధ్య కొవ్వులో, నేల పొర కింద కండరాల సందుల్లో ఏమేమి ఉన్నాయో లెక్కపెడితే ఖాళీ అన్న భ్రమ పోతుంది. చేతికి బలాన్నీ స్పర్శనూ ఇచ్చే నరాలన్నీ మెడ వెన్ను నుంచి బయటపడి, ముడులుగా కలిసి, ఈ త్రికోణపు అడుగుభాగం గుండానే చంకలోకి పోతాయి. మోటారుసైకిల్ మీద నుంచి పడ్డప్పుడు తల ఒకవైపూ భుజం ఒకవైపూ విరిగినట్టు లాగబడితే చెయ్యి చచ్చుపడేది ఇవి సాగి తెగడం వల్లే. వాటి పక్కనే చేతికి రక్తం తెచ్చే సబ్‌క్లేవియన్ ధమని ఉంటుంది. ఇంకొంచెం లోపల, కాలర్ ఎముక లోపలి భాగానికి రెండు మూడు సెంటీమీటర్లు పైదాకా ఊపిరితిత్తి కొస పొడుచుకువచ్చి ఉంటుంది. ఊపిరితిత్తి ఛాతీలో ఉంటుందని బడిలో చదువుకుంటాం గానీ దాని కొస మెడలో ఉంటుందని చాలామందికి తెలియదు. 1911లో డీడ్రిష్ కులెన్‌కాంఫ్ అనే జర్మన్ వైద్యుడు కాలర్ ఎముక పైన ఒక్క సూది గుచ్చి చెయ్యి మొత్తానికి మత్తు ఇచ్చే పద్ధతిని ప్రకటించాడు. పద్ధతి గొప్పదే. ఆ సూది కొంచెం దారి తప్పితే ఊపిరితిత్తి పొరకు చిల్లు పడి ఛాతీలో గాలి చేరేది. అల్ట్రాసౌండ్ తెర మీద నరాలను చూస్తూ సూది వేసే రోజులు వచ్చాకే ఆ భయం బాగా తగ్గింది.

లోతుగా ఉన్నవాటి సంగతి సరే, పైన ఉన్నవాటి సంగతి ఇంకా ముఖ్యం. ఎవరైనా గట్టిగా అరిచినప్పుడో బరువెత్తినప్పుడో మెడ పక్కన ఉబ్బి కనిపించేది బయటి జుగులర్ సిర. అది ఏటవాలు కండరం మీదుగా దిగి, కాలర్ ఎముకకు కొంచెం పైన పొరను చీల్చుకుని లోపలికి పోతుంది. చీల్చుకునే చోట దాని గోడ పొరకు అతుక్కుని ఉంటుంది. మామూలు సిర తెగితే ముడుచుకుపోతుంది. ఇది మాత్రం అతుక్కున్న చోట తెగితే నోరు తెరుచుకునే ఉండిపోతుంది. ఛాతీ లోపలికి ఊపిరి తీసుకున్నప్పుడల్లా రక్తం కారడం అటుంచి, గాలి లోపలికి పీల్చుకుపోయి గుండెను చేరే ప్రమాదం ఉంది. సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్ రోడ్ల మీద ద్విచక్ర వాహనాలపై పోయేవాళ్ల మెడలు కోసే నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది, అయినా ఏటా గాయాల వార్తలు వింటూనే ఉన్నాం. అలాంటి గాయం కనిపిస్తే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, మనిషిని పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గాయాన్ని విప్పి విప్పి చూడకూడదు. ఎంత లోతైతే అంత ప్రమాదం అనే లెక్క మెడ పక్కన చెల్లదని చెప్పడానికి ఈ సిర ఒక్కటే చాలు. కానీ నా వాదనకు అసలు ఆధారం సిర కాదు, నరం.

తల నుంచి బయలుదేరే పన్నెండు జతల నరాల్లో పదకొండోది స్పైనల్ యాక్సెసరీ నరం. దీని ప్రయాణం విచిత్రం. పుట్టేది మెడలోని వెన్నుపాములో, పై ఐదారు భాగాల నుంచి. తీరా పని చేసేదీ మెడలోనే. అయినా పుట్టిన చోటు నుంచి పైకి ఎక్కి, పుర్రె అడుగున ఉన్న పెద్ద రంధ్రం గుండా తల లోపలికి పోయి, అక్కడి నుంచి ఇంకో రంధ్రం గుండా మళ్లీ మెడలోకి దిగుతుంది. దిగి ఏటవాలు కండరం చాటుకు చేరి, దానికి కదలిక ఇచ్చి, ఆ కండరం వెనుక అంచున బయటపడుతుంది. కండరాన్ని మూడు భాగాలు చేస్తే పై మూడో వంతు ముగిసే చోటు, సుమారుగా. అక్కడి నుంచి వెనుక త్రికోణాన్ని మూలగా దాటి, కాలర్ ఎముకకు నాలుగైదు సెంటీమీటర్ల పైన ట్రెపీజియస్ కండరం కిందికి దూరుతుంది. ఆ రెండు చోట్ల నడుమ పుర్రె లేదు, కండరం లేదు. పైపొర కింద, కొవ్వులో, లావుపాటి సేమ్యా పోగంత నరం. దాని కింద కండరాల మీద పరుచుకున్న పొర కూడా దానికి రక్షణ ఇవ్వదు, ఎందుకంటే నరం ఆ పొరకు పైనే ఉంది. శరీరంలో ఇంత ముఖ్యమైన కండరాన్ని కదిలించే నరం ఇంత దూరం ఇంత పైపైన పోయే చోట్లు అరుదు.

ఆ కండరం ఎంత ముఖ్యమో తెలియాలంటే చెయ్యి ఎత్తడం గురించి కొంచెం మాట్లాడుకోవాలి. చెయ్యిని పక్క నుంచి పైకెత్తి చెవికి ఆనించామనుకోండి. నూటఎనభై డిగ్రీల ఆ కదలికలో భుజం కీలు ఇచ్చేది సుమారు నూటఇరవై మాత్రమే. మిగతా అరవై డిగ్రీలు వీపు మీద రెక్క ఎముక తిరగడం వల్ల వస్తాయి. రెక్క ఎముకను శరీరానికి పట్టి ఉంచే ఎముకల బంధం కాలర్ ఎముక ఒక్కటే, మిగతాదంతా కండరాల పట్టు. ఆ కండరాల్లో పెద్దది ట్రెపీజియస్. పుర్రె వెనుక నుంచి నడుముకు పైదాకా వెన్ను పొడవునా పుట్టి, భుజం కొసకూ రెక్క ఎముక గట్టుకూ వచ్చి కలుస్తుంది. భుజాన్ని కిందికి జారిపోకుండా మోసేదీ, చెయ్యి ఎత్తేటప్పుడు రెక్క ఎముకను పైకి తిప్పేదీ అదే. దాని నరం తెగితే భుజం ఒకవైపు వాలుతుంది. చెయ్యి భుజం ఎత్తుకు వచ్చేసరికి ఆగిపోతుంది. రెక్క ఎముక లోపలి అంచు వీపు మీద ఎత్తుగా లేస్తుంది. తల దువ్వుకోవడం, జాకెట్ వేసుకోవడం, అటక మీది డబ్బా దింపడం, బస్సులో పై కడ్డీ పట్టుకోవడం, బట్టలు ఆరేయడం, ఇవన్నీ యాతన అవుతాయి. తాపీ పనికో, రంగులు వేసే పనికో, మూటలు మోసే పనికో వెళ్లేవాళ్లకు జీవనాధారమే పోతుంది. వీటిని మించి వేధించేది నొప్పి. వాలిన భుజం బరువును మోయడానికి ఉద్దేశించని చిన్న కండరాలు రోజంతా మోస్తాయి. మెడ నుంచి భుజం దాకా లాగుతూ, సలుపుతూ, నిద్ర పట్టనివ్వని నొప్పి అది. రక్తం ఎక్కువ పోలేదు, ప్రాణానికి ముప్పు రాలేదు, మచ్చ అంగుళాన్ని మించలేదు. ఆ అంగుళం మచ్చకూ ఎత్తలేని చేతికీ సంబంధం ఉందని రోగికి తట్టడానికే చాలా కాలం పడుతుంది.

అసలు అక్కడ కత్తి ఎందుకు పెడతారు? ఒంట్లో ఉన్న లింఫు గ్రంథుల్లో సుమారు మూడో వంతు మెడలోనే ఉన్నాయి. వాటిలో ఒక వరుస సరిగ్గా ఈ పదకొండో నరం వెంబడే ఉంటుంది. మన దేశంలో మెడ పక్కన బిళ్లలు కట్టి వారాల తరబడి తగ్గలేదంటే డాక్టరు మొదట అనుమానించే జబ్బుల్లో క్షయ ఒకటి. గండమాల అని ఆయుర్వేద గ్రంథాలు చెప్పిన మెడ గడ్డల్లో ఎక్కువ భాగం ఇదే అయివుండాలి. యూరప్‌లో దీన్ని రాజు చేతి స్పర్శతో నయమయ్యే జబ్బుగా నమ్మేవారు. తర్వాత నిఘంటుకారుడిగా పేరు తెచ్చుకున్న శామ్యూల్ జాన్సన్‌ను పసితనంలో, 1712లో, ఆన్ రాణి చేతి స్పర్శ కోసం లండన్ తీసుకెళ్లారు. రాణి తాకినా జబ్బు పోలేదు, ఆపరేషన్ మచ్చలు జీవితాంతం మిగిలాయి. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయ సూక్ష్మజీవిని చూపించాక కూడా మందులు లేని కాలమంతా మెడ గడ్డలకు కత్తే దిక్కు. మందులు వచ్చాక ఆ అవసరం పోయింది. 1990లో మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం పిల్లల మెడ గడ్డల మీద జరిపిన పరిశీలన ఆరు నెలల మందులు చాలునని తేల్చింది. ఇప్పుడు కత్తి వైద్యానికి కాదు, జబ్బేదో తేల్చుకోవడానికి. క్షయా, లింఫు గ్రంథుల్లోనే పుట్టే లింఫోమా అనే క్యాన్సరా, గొంతులోనో కడుపులోనో పుట్టి ఇక్కడికి పాకిన క్యాన్సరా అన్నది తెలియడానికి ఒక గ్రంథిని తీసి పరీక్షకు పంపుతారు. చేతికి అందే గ్రంథి, వెనుక త్రికోణంలో పైపైన దొరికే గ్రంథి సులువనిపిస్తుంది. ఆ సులువే చిక్కు తెచ్చిపెడుతోంది.

పదకొండో నరం దెబ్బతినడానికి ప్రపంచమంతటా మొదటి కారణం ప్రమాదాలు కాదు, కత్తిపోట్లు కాదు, ఆపరేషన్లు. వాటిలో ప్రధానమైనది వెనుక త్రికోణంలో గ్రంథి తీయడం. ఇది వైద్య సాహిత్యంలో పదేపదే నమోదైన విషయం. ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. చర్మానికి మాత్రమే మత్తు సూది వేస్తారు. కోత చిన్నది, వెలుగు చాలదు, లోపల రక్తం కొంచెం కారి అంతా ఒకే రంగుగా కనిపిస్తుంది. క్షయ గ్రంథి చుట్టుపక్కల కణజాలాన్ని అంటుకుని ఉంటుంది, నరం దాని వీపున అతుక్కుని ఉండవచ్చు. గ్రంథిని పట్టి పైకి లాగితే నరమూ పైకి లేస్తుంది. అడుగున కత్తిరించే తెల్లని దారం పీచో, చిన్న సిరో, నరమో చూసుకునే తీరిక లేకపోతే కథ అక్కడే ముగుస్తుంది. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. చర్మం తిమ్మిరెక్కడం లాంటి సూచన కూడా ఉండదు, ఈ నరానికి చర్మంతో సంబంధం లేదు కనుక. తల తిప్పమంటే తిప్పగలరు, ఏటవాలు కండరానికి వెళ్లే శాఖ అంతకుముందే విడిపోయింది కనుక. భుజాలు ఎగరేయమంటే కూడా ఎంతోకొంత ఎగరేస్తారు, ఎందుకంటే రెక్క ఎముకను పైకి లాగే లివేటర్ స్కాపులే అనే ఇంకో కండరం బతికే ఉంది. భుజాలు ఎగరేయించి చూసి బాగానే ఉందని రాసేసిన కేస్ షీట్లు తప్పుదారి పట్టించేది ఇందుకే. చెయ్యి పక్క నుంచి తల పైదాకా ఎత్తించి, వెనుక నిలబడి రెక్క ఎముకను చూస్తేనే నిజం బయటపడుతుంది.

ఈ మాటలకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి, వాటిలో ఒకటి చాలా బలమైనది. క్యాన్సర్ ఆపరేషన్లలో సర్జన్లు ఇదే నరాన్ని తెలిసి తెలిసి తీసేశారు కదా, ఆ రోగులు బతకలేదా అని అడగవచ్చు. నిజమే. 1906లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ సర్జన్ జార్జ్ క్రైల్ నూటముప్పైరెండు ఆపరేషన్ల అనుభవంతో మెడలోని గ్రంథులన్నిటినీ ఒకే ముద్దగా తీసే పద్ధతిని వివరించాడు. దాన్ని ప్రమాణంగా స్థిరపరిచింది న్యూయార్క్ సర్జన్ హేస్ మార్టిన్. నరాన్ని కాపాడాలని చూడడమే తప్పని, అలా చూస్తే క్యాన్సర్ మిగిలిపోతుందని 1951లో ఆయన గట్టిగా వాదించాడు. మరుసటి ఏడాదే, 1952లో, ఆయనే ఇంకొకరితో కలిసి అలాంటి ఆపరేషన్ అయిన వందమందిని పరిశీలించి వాళ్ల భుజాలకు జరిగిన నష్టాన్ని ప్రచురించాడు. 1961లో ఈ బాధలన్నిటికీ కలిపి ఒక రుగ్మతగా పేరు పడింది. అర్జెంటీనాలో ఒస్వాల్డో సువారెజ్ 1963లో, తర్వాత ఇటలీలో ఎత్తోరే బొక్కా, నరాన్నీ సిరనూ ఏటవాలు కండరాన్నీ ఉంచేసి గ్రంథులను పొరలతో సహా ఒలిచి తీయవచ్చని చూపారు. ఇప్పుడు క్యాన్సర్ నరాన్ని నేరుగా పట్టుకుంటే తప్ప దాన్ని తీసేయరు. అంటే ఆ అభ్యంతరం నా వాదనకే సాక్ష్యంగా తిరుగుతోంది. ప్రాణాంతకమైన జబ్బులో కూడా వైద్యలోకం కాపాడి తీరాలనుకున్న నరాన్ని, ఒక పరీక్ష కోసం పెట్టే కోతలో పోగొట్టుకోవడం ఎలా సమర్థనీయం? ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను కత్తికే వ్యతిరేకినని మీరు అనుకోవచ్చు. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తొలిదశ నోటి క్యాన్సర్ ఉండి మెడలో గడ్డ తగలని ఐదువందలమంది ఫలితాలు ఉన్నాయి. ముందుగానే మెడ గ్రంథులు తీసినవాళ్లలో మూడేళ్ల తర్వాత నూటికి ఎనభైమంది జీవించి ఉన్నారు. గడ్డ కనిపించాక తీద్దామని ఆగినవాళ్లలో అరవైఏడున్నర శాతం. చుట్టను మండే కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, అంగిలి క్యాన్సర్లు తెచ్చిన చరిత్ర మనది. గుట్కా సంగతి సరేసరి. మనవాళ్లకు మెడ ఆపరేషన్లు తప్పవు. తప్పవు కనుకే ఏ నరం ఎక్కడుందో ఎరిగి చేయాలంటున్నాను.

రెండో అభ్యంతరం శరీర నిర్మాణం చదివినవాళ్ల నుంచి వస్తుంది. ట్రెపీజియస్‌కు పదకొండో నరం ఒక్కటే దిక్కు కాదు, మెడ వెన్ను నుంచి మూడు, నాలుగో నరాల కొమ్మలు కూడా వెళ్తాయి, పైగా పక్క కండరాలు పని అందుకుంటాయి, కాబట్టి నేను నష్టాన్ని పెద్దది చేసి చెబుతున్నానని. ఆ కొమ్మలు ఉన్న మాట నిజం. వాటిలో ఎక్కువ భాగం కండరం ఏ స్థితిలో ఉందో మెదడుకు తెలియజేసేవే. కొందరిలో మాత్రం అవి కదలికనూ ఇస్తాయి. అందుకే నరం తెగిన ఇద్దరిలో ఒకరు ఇబ్బందితోనే పనులు చేసుకోగలుగుతారు, ఇంకొకరి భుజం పూర్తిగా వాలిపోతుంది. ఎవరిలో ఎలా ఉందో కోతకు ముందు చెప్పే మార్గం లేదు. ఎవరి అదృష్టం ఎలా ఉందో తెలియనప్పుడు ఆ అదృష్టాన్ని నమ్ముకుని కత్తి పెట్టమనడం వైద్యం కాదు. పక్క కండరాల సాయం సంగతీ అంతే. రాతబల్ల దగ్గర పని చేసే యాభై ఏళ్ల మనిషికి ఆ సాయం సరిపోవచ్చు. నాట్లు వేసి, గడ్డిమోపు నెత్తికెత్తుకునే మనిషికి సరిపోదు.

మూడోది సూది. ఇప్పుడు గ్రంథిని కోసి తీయాల్సిన పనే లేదు, సన్నని సూదితో కాసిన్ని కణాలు లాగి చూస్తే చాలు కదా అంటారు. నూటికి నూరు పాళ్లు మంచి మాట, చాలా మేరకు నిజం కూడా. ఎఫ్ఎన్ఏసీ అని డాక్టర్లు రాసే పరీక్ష అదే. ఆ సూదికి వచ్చిన పదార్థాన్నే సీబీనాట్ యంత్రంలో పెడితే క్షయ ఉందో లేదో, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో గంటల్లో తెలుస్తుంది. ఇది ప్రభుత్వ క్షయ కేంద్రాల్లో ఉచితం. మొదట సూది, అది తేల్చలేకపోతేనే కత్తి అన్న క్రమాన్ని ప్రతిచోటా పాటిస్తే నేను ఈ ప్రసంగం చేయాల్సిన అవసరం సగం తగ్గేది. మిగతా సగం ఎందుకు తగ్గదంటే లింఫోమా కారణంగా. ఆ జబ్బును సరిగ్గా వర్గీకరించాలంటే విడివిడి కణాలు చాలవు, గ్రంథి లోపలి అమరిక చెడకుండా కనిపించాలి. దానికి మొత్తం గ్రంథి కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. క్షయ మందులు వాడుతుండగా కొందరిలో గడ్డలు తగ్గే బదులు కొన్నాళ్లు పెరుగుతాయి, కొత్తవి కూడా పుడతాయి. సూక్ష్మజీవులు చస్తున్నా శరీరం వాటి శకలాల మీద పోరాటం పెంచడం వల్ల అలా జరుగుతుంది. మందు పని చేయలేదని కంగారుపడి తీయించేసుకునేవాళ్లు ఉన్నారు. ఓపిక పడితే చాలావరకు వాటంతట అవే అణుగుతాయి.

చివరి అభ్యంతరం నన్ను ఆలోచింపజేసేది. ఇలాంటివి రేడియోలో చెబితే జనం భయపడి పరీక్షే మానేస్తారు, క్షయో క్యాన్సరో ముదిరిపోతుంది, నరం కన్నా అది పెద్ద నష్టం కాదా అని. పెద్ద నష్టమే. మూడు నాలుగు వారాలు దాటినా తగ్గని గడ్డను, ముఖ్యంగా ఎడమ కాలర్ ఎముక పైన కొత్తగా తేలిన గట్టి గడ్డను, చూపించుకోకుండా ఉండడం కన్నా పెద్ద పొరపాటు లేదు. పొట్టలో పుట్టిన క్యాన్సర్ కొన్నిసార్లు మొదట కనిపించేది అక్కడే. భయానికి విరుగుడు విషయం దాచడం మాత్రం కాదు. రోగి డాక్టరును అడగాల్సినవి రెండే ప్రశ్నలు: సూదితో తేలుతుందా, తేలకపోతే వేరే చోట ఉన్న గ్రంథి తీయవచ్చా. చాలామందిలో ఒకటికి మించి గ్రంథులు ఉబ్బి ఉంటాయి, వెనుక త్రికోణానికి బయట ఉన్నదాన్ని ఎంచుకోవడం ఎన్నోసార్లు సాధ్యం. అక్కడే తీయక తప్పదంటే మంచి వెలుగు ఉన్న థియేటర్లో, నరాన్ని ముందుగా వెతికి పట్టుకుని చూస్తూ చేయగల సర్జన్ చేతుల్లో చేయించుకోవాలి. ఏటవాలు కండరం వెనుక అంచు చుట్టూ తిరిగి చెవివైపు ఎక్కే చర్మపు నరం ఒకటి ఉంది. దానికి సెంటీమీటరు రెండు సెంటీమీటర్ల పైన పదకొండో నరం బయటపడుతుందన్నది సర్జన్లకు బాగా తెలిసిన గుర్తు. అంగీకార పత్రంలో రక్తస్రావం, చీము, మచ్చ అని అచ్చువేసి ఉన్న వరుసలో భుజం కదలిక పేరు కూడా ఉండాలి.

ఒకవేళ నరం తెగినా అంతటితో అయిపోలేదు. కొసలను కలిపి కుట్టవచ్చు, మధ్య ఖాళీ ఉంటే ఇందాక చెప్పిన చెవి నరం ముక్కనో, కాలి పిక్క నుంచి తీసిన నరం ముక్కనో అతికించవచ్చు. తిరిగి పెరిగే నరం రోజుకు మిల్లీమీటరు చొప్పున నడుస్తుంది, అది చేరేలోపు కండరం ఎండిపోకూడదు. అందుకే ఆరు నెలల్లోపు చేసిన మరమ్మతుకూ, ఏడాది దాటాక చేసినదానికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. మరీ ఆలస్యమైతే ఈడెన్, లాంగే అనే సర్జన్ల పేర వ్యవహరించే ఆపరేషన్‌లో లివేటర్ స్కాపులేనూ దాని పక్క కండరాలనూ రెక్క ఎముక మీద వేరే చోటికి మార్చి అతికిస్తారు. అది చెయ్యిని కొంతమేరకు తిరిగి పైకి తేగలదు, కానీ అది పెద్ద ఆపరేషన్, అన్నిచోట్లా చేసేవాళ్లు దొరకరు. కాబట్టి కోతకు ముందు రోజు ఒకసారి, కుట్లు విప్పే రోజు ఒకసారి, చొక్కా విప్పి లేదా వీపు కనిపించేలా బట్ట సర్దుకుని, రెండు చేతులూ పక్క నుంచి తల పైదాకా ఎత్తి డాక్టరుకు చూపించండి. ఇంటికి వచ్చాక భుజం లాగుతూ ఉంటే, ఎత్తిన చెయ్యి భుజం మట్టం దగ్గరే నిలిచిపోతే, గాయం మానుతోంది కదా అదే తగ్గుతుందిలే అని నెలలు గడపకుండా ఆ వారంలోనే వెనక్కి వెళ్లండి.